ఉమ్మడి డేటాబేస్ ఫైలు తెరుచుకోనప్పుడు చేయవలసినవి

పొన్నూరు (గుంటూరు జిల్లా): రాష్ట్ర రిజిస్ట్రేషన్ల శాఖలో 1998 నవంబరులో ప్రారంభమైన 'కార్డ్' పథకం కింద దస్తావేజుల వివరాలు సర్వరు ఆధారిత డేటాబేస్‌లోకి చేరాయి. పొన్నూరు వంటి పట్టణంలో నలుగురైదుగురు సిబ్బంది గల కార్యాలయం తన తపాలా రిజిస్టరును మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఫైలుగా ఉమ్మడి ఫోల్డరులో ఉంచుకొన్నచో పరిస్థితి వేరు. అక్కడ ప్రతి కంప్యూటరూ నేరుగా ఆ ఫైలునే తెరుస్తుంది.

ఫైలు తెరవగానే అదే ఫోల్డరులో అదే పేరుతో ఒక లాక్ ఫైలు ఏర్పడుతుంది. పాత ఎండీబీ ఫైలుకు ఎల్‌డీబీ, 2007 నుండి వచ్చిన ఏసీసీడీబీకి ఎల్‌ఏసీసీడీబీ. అందుచేత సిబ్బందికి ఫైలుపైనే గాక ఫోల్డరుపై కూడా చదువుటకు, వ్రాయుటకు, కొత్త ఫైలు సృష్టించుటకు, తొలగించుటకు అనుమతులు ఉండాలి. సాధారణంగా మరచిపోయేది ఈ ఫోల్డరు సంగతే. అనుమతులు సరిగా ఉన్నా తెరుచుకోకపోతే, ఎవరైనా 'ఎక్స్‌క్లూజివ్' పద్ధతిలో తెరచి ఉంచారేమో విచారించాలి.

అందరూ ఫైలు మూసివేసిన తరువాత కూడా లాక్ ఫైలు మిగిలి ఉంటే దానిని తొలగించవచ్చు. ఒక్కరు పనిలో ఉన్నా తాకరాదు. మరమ్మతు ఆదేశానికి ముందు నకలు తీసి భద్రపరచాలి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది, తొందరలో ఫైలును సొంత కంప్యూటరులోకి నకలు చేసుకొని నమోదులు కొనసాగించడం. అప్పుడు ఒకే వరుస సంఖ్య ఇద్దరు అర్జీదారులకు పడుతుంది. పింఛను అర్జీ ఇచ్చిన వృద్ధురాలి వివరాలు ఒక నకలులో ఉండి, రెండవదానిలో కనిపించవు.