ముద్దాయి తరఫు వకీలు: ఒక హక్కు నడిచిన దారి

ఉపోద్ఘాతం

క్రిమినల్ న్యాయవాది అనగానే హత్యకేసు, కిక్కిరిసిన సెషన్స్ కోర్టు, సుదీర్ఘమైన వాదనలు స్ఫురించడం సహజం. న్యాయస్థానాల దైనందిన జీవితంలో మాత్రం అటువంటి కేసుల పాలు స్వల్పం. గట్టు తగాదాలో జరిగిన కొట్లాట, దొంగతనం చేశాడన్న అనుమానం, బైండోవరు నోటీసు, చెక్కు బౌన్సు ఫిర్యాదు, రిమాండులో ఉన్న కొడుకుకు జామీను, భర్త ఇవ్వని భరణం వంటి పనుల మీదనే సామాన్యుడు ఎక్కువగా వకీలు గుమ్మం తొక్కుతాడు.

ఇటువంటి పనులలో న్యాయవాది వాదనాపటిమ కంటె అతడు దొరికిన వేళ ముఖ్యం. అరెస్టయిన నాడే దొరికిన న్యాయవాది అరెస్టుకు కారణమేమిటో అడుగుతాడు. ఇరవై నాలుగు గంటలలోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరిచారో లేదో చూస్తాడు. జామీను దరఖాస్తు వేసి, పూచీకత్తు ఇచ్చేవారిని సిద్ధం చేయిస్తాడు. ఏ కాగితంపై సంతకం చేయవచ్చునో, దేనిపై చేయరాదో చెబుతాడు. రాజీకి చట్టం అనుమతించిన నేరమైతే ఆ దారి చూపుతాడు. శిక్ష పడిన తరువాత దొరికిన న్యాయవాదికి ఈ అవకాశాలలో చాలా భాగం మిగలవు.

ముద్దాయి నడిచే దారిలో అరెస్టు మొదట వస్తుంది. తరువాత రిమాండు, జామీను, విచారణ, చివర అప్పీలు. న్యాయవాది సహాయం పొందే హక్కు భారతదేశంలో ఈ దారికి ఎదురుగా నడిచింది. ఉరిశిక్ష పడగల కేసుతో మొదలై, సెషన్స్ విచారణకు, అక్కడినుంచి మేజిస్ట్రేటు కోర్టుకు, తొలి రిమాండుకు, చివరకు పోలీసు స్టేషన్ గుమ్మానికి చేరింది. ఈ విలోమగమనాన్ని, దాని పర్యవసానాన్ని చట్టాలు, తీర్పులు, తెలుగు సాహిత్యసాక్ష్యాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

వలస పాలనలో హక్కు స్వరూపం

1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 340వ సెక్షను, క్రిమినల్ కోర్టులో ముద్దాయి తన తరఫున ప్లీడరును పెట్టుకోవడం హక్కుగా గుర్తించింది. 1923 సవరణతో ఈ హక్కు, నేరం మోపబడనప్పటికీ ఆ కోడ్ కింద చర్యలు ఎదుర్కొనేవారికి కూడా విస్తరించింది. శాంతిభద్రతల కోసం జామీను అడిగే బైండోవరు చర్యలు ఈ కోవలోనివే. నిత్యజీవితానికి అతి సమీపంగా ఉన్న వ్యవహారాలు ఇవి గనుక ఈ సవరణ ప్రాముఖ్యం తక్కువది కాదు.

అయితే ఈ హక్కు స్వభావాన్ని గమనించాలి. ప్లీడరు వస్తే కోర్టు అడ్డుచెప్పరాదన్నదే దాని సారాంశం. ప్లీడరుకు ఫీజు ఇచ్చుకోలేనివాని సంగతి ఆ సెక్షను పట్టించుకోలేదు. మరణశిక్షకు ఆస్కారమున్న కేసులలో పేద ముద్దాయికి ప్రభుత్వ వ్యయంతో ప్లీడరును నియమించే పద్ధతి నిబంధనల రూపంలో ఏర్పడింది. ప్రాణం పోయే చోట మాత్రమే రాజ్యం చేయి అందించింది.

ఆ కాలపు న్యాయవ్యవస్థ సామాన్య గృహస్థును ఎట్లా తాకిందో 1909లో వెలువడిన గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ రెండవ కూర్పు చూపుతుంది. లుబ్ధావధాన్లు మీద పడిన హత్యాభియోగానికి ఆధారమే లేదు. చనిపోయిందనుకున్న పెండ్లికూతురు అసలు ఆడపిల్లే కాదు. అయినా పోలీసు బెదిరింపులకు, మధ్యవర్తుల ఎత్తులకు ఆ వృద్ధుడు బెంబేలెత్తిపోతాడు. సౌజన్యారావు పంతులు వంటి వకీలు అండ దొరకడం అతనికి పెద్ద ఊరట. డబ్బున్న నిరపరాధికే వకీలు సహాయం అంత అవసరమైనప్పుడు, డబ్బులేనివాని స్థితి ఏమిటన్న ప్రశ్న ఆ నాటకం వెలుపల నిలిచి ఉంది. ఆ ప్రశ్న న్యాయస్థానం ముందుకు రావడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది.

1951: నల్లగొండ ముద్దాయిలు

1948 సెప్టెంబరులో జరిగిన పోలీసు చర్య తరువాత హైదరాబాదు సంస్థానంలో మిలిటరీ గవర్నరు ఉత్తర్వుతో ప్రత్యేక ట్రిబ్యునళ్లు ఏర్పడ్డాయి. తెలంగాణ రైతాంగ పోరాటంతో ముడిపడిన హత్యకేసులలో నల్లగొండ ప్రాంతానికి చెందిన ముద్దాయిలకు అవి 1949లో మరణశిక్షలు విధించాయి. వారి తరఫున బ్రిటిష్ న్యాయవాది డి.ఎన్. ప్రిట్ సుప్రీంకోర్టులో వాదించాడు. న్యాయవాదిని నియమించుకునే అవకాశం ముద్దాయిలకు దక్కలేదన్నది ఆ వాదనలోని ముఖ్యాంశాలలో ఒకటి. అమెరికా సుప్రీంకోర్టు 1932లో పావెల్ కేసులో నల్లజాతి యువకుల విషయంలో ఇచ్చిన తీర్పు కూడా ఈ సందర్భంలో చర్చకు వచ్చింది.

జనార్దనరెడ్డి కేసుగా ప్రసిద్ధమైన ఈ వ్యాజ్యంలో 1951లో సుప్రీంకోర్టు ముద్దాయిలకు అనుకూలంగా తీర్పు ఇవ్వలేదు. న్యాయవాది లేనంత మాత్రాన మరణశిక్ష కేసులన్నిటిలో విచారణ చెల్లదని సూత్రీకరించలేమని భావించింది. అదే సంవత్సరం తారాసింగ్ కేసులో మరింత స్పష్టత వచ్చింది. 340వ సెక్షను కింద రాజ్యం న్యాయవాదిని సమకూర్చనక్కరలేదని, కావాలంటే అడగవలసిన బాధ్యత ముద్దాయిదేనని కోర్టు పేర్కొంది. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగం 22వ అధికరణంలో తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించే హక్కును ప్రాథమిక హక్కుగా ప్రకటించి ఏడాది దాటిన సమయమిది. హక్కు రాజ్యాంగంలోకి ఎక్కింది గాని, దానిని అందించే బాధ్యత ఎవరి మీదా పడలేదు.

మేజిస్ట్రేటు కోర్టు: సారా కేసుల సాక్ష్యం

ఉరిశిక్ష కేసుల గురించి ఇంత చర్చ జరుగుతున్న రోజులలోనే మేజిస్ట్రేటు కోర్టులు వేరొక జనంతో కిటకిటలాడాయి. 1937 నాటి మద్రాసు మద్యనిషేధ చట్టం కోస్తా, రాయలసీమ జిల్లాలలో పేదలను క్రిమినల్ కోర్టుకు తెచ్చిన ముఖ్యకారణాలలో ఒకటి. విశాఖపట్నంలో న్యాయవాదవృత్తి చేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922–1993) ఈ కోర్టుల లోకాన్ని లోపలినుంచి చూసిన రచయిత. ఆయన ‘ఆరు సారా కథలు’లో పోలీసులు, ప్లీడర్లు, సాక్షులు, బోనెక్కిన పేదలు ఒకే వ్యవహారంలో భాగస్వాములుగా కనిపిస్తారు. చట్టం బరువు వ్యాపారం నడిపేవారి మీద కాక, సరుకు మోసేవారి మీద పడటం ఆ కథలలో స్పష్టం.

చరిత్రకారునికి ఈ కథల విలువ వేరొకటి ఉంది. తీర్పుల నివేదికలలో ఇటువంటి కేసులు దాదాపు కనిపించవు. జరిమానాతోనో, కొద్ది నెలల జైలుతోనో ముగిసిన కేసు పైకోర్టుకు పోదు. పోనిది గ్రంథస్థం కాదు. పంచనామా సక్రమంగా రాశారో లేదో చూడటం, సాక్షుల మాటలలో పొంతనలేమిని బయటపెట్టడం, జరిమానాను కట్టగలిగినంతకు తగ్గింపజేయడం వంటి వకీలు పనికి సాహిత్యమే ఒక ప్రధాన ఆధారం.

1958లో సెతల్వాడ్ అధ్యక్షతన లా కమిషన్ సమర్పించిన పద్నాలుగవ నివేదిక పేదలకు న్యాయసహాయం గురించి ప్రత్యేకంగా చర్చించింది. 1974 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన 1973 నాటి కొత్త కోడ్, 304వ సెక్షనులో, స్తోమత లేని ముద్దాయికి ప్రభుత్వ వ్యయంతో న్యాయవాదిని నియమించడాన్ని కోర్టు విధిగా చేసింది. అయితే ఆ విధి సెషన్స్ విచారణలకే పరిమితం. ఇతర కోర్టులకు వర్తింపజేయాలంటే రాష్ట్రప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వాలి. సారా కేసు, చిల్లర దొంగతనం కేసు నడిచే కోర్టు ఈ గీతకు అవతలనే ఉండిపోయింది.

1977–1986: గీత చెరిగిన దశాబ్దం

నలభై రెండవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 39-ఎ అధికరణం ఉచిత న్యాయసహాయాన్ని ఆదేశసూత్రాలలో చేర్చింది. తరువాతి పదేళ్లలో సుప్రీంకోర్టు దానికి ప్రాణం పోసింది. 1977 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌నుంచి వచ్చిన గుడికంటి నరసింహులు కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ జామీనును వ్యక్తిస్వేచ్ఛకు సంబంధించిన ప్రశ్నగా పరిశీలించి, బయట ఉన్న ముద్దాయి తన రక్షణకు మెరుగుగా సిద్ధం కాగలడని గుర్తించాడు. 1978లో మోతీరాం కేసులో ఒక పేద తాపీమేస్త్రీకి మేజిస్ట్రేటు పదివేల రూపాయల పూచీ అడిగి, వేరే జిల్లాలో ఆస్తి ఉన్న సోదరుని పూచీకత్తును తిరస్కరించాడు. దీనిని తప్పుపడుతూ కృష్ణయ్యర్, దూరప్రాంతంలో అరెస్టయిన మలయాళీ, కన్నడిగుడు, తమిళుడు, తెలుగువాడు స్థానిక పూచీదారును ఎక్కడ వెతకాలని ప్రశ్నించాడు. బతుకుతెరువు కోసం ఊళ్లు దాటే తెలుగు కూలీలకు ఆ ప్రశ్న నేటికీ అక్షరాలా వర్తిస్తుంది.

అదే ఏడాది హోస్కోట్ కేసులో, అప్పీలుకు తీర్పు ప్రతిని, న్యాయసహాయాన్ని ఖైదీకి అందించాలని కోర్టు చెప్పింది. 1979లో న్యాయవాది పుష్పా కపిలా హింగోరాణీ వాదించిన హుస్సైనారా ఖాతూన్ కేసులో, బీహారు జైళ్లలో మగ్గుతున్న విచారణ ఖైదీల దుస్థితి వెలుగులోకి వచ్చి, ఉచిత న్యాయసహాయం 21వ అధికరణంలో అంతర్భాగమైంది. భాగల్పూరు అంధీకరణ ఘటనలపై ఖత్రీ కేసులో ఈ హక్కు మేజిస్ట్రేటు ముందు తొలిసారి హాజరుపరిచిన క్షణంనుంచే మొదలవుతుందని, నిధుల కొరత సాకు కాదని కోర్టు తేల్చింది. 1986లో సుక్‌దాస్ కేసులో, న్యాయవాది హక్కు ఉందని ముద్దాయికి తెలియజేయకుండా జరిపిన విచారణలో పడిన శిక్షను రద్దు చేసింది. అడగవలసింది ముద్దాయేనన్న 1951 నాటి భావన ఇక్కడ తలకిందులైంది. చెప్పవలసిన బాధ్యత న్యాయాధికారిదైంది.

ఈ తీర్పులకు సంస్థారూపం 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం. 1995 నవంబరు 9న అది అమలులోకి వచ్చింది. దాని 12వ సెక్షను ప్రకారం స్త్రీలు, బాలలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సహాయానికి అర్హులు. 2022లో జాతీయ న్యాయసేవాధికార సంస్థ పూర్తికాలం ముద్దాయిల తరఫున పనిచేసే డిఫెన్స్ కౌన్సెల్ వ్యవస్థకు రూపమిచ్చింది.

పోలీసు స్టేషన్ గుమ్మం

చివరిగా మిగిలింది పోలీసు స్టేషన్. 1978లో నందినీ శతపథి కేసు, 1996లో డి.కె. బసు కేసు ఈ గుమ్మాన్ని తాకాయి. ప్రశ్నించే సమయంలో న్యాయవాదిని కలుసుకోవచ్చు గాని, ఆసాంతం పక్కన ఉంచుకునే హక్కు లేదన్నది బసు తీర్పు చూపిన హద్దు. 2009 నాటి సవరణ చట్టం 41-డి సెక్షనుగా ఆ హద్దునే శాసనం చేసింది. 2024 జులై 1న పాత కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 38వ సెక్షనులో అది కొనసాగింది.

2012లో అజ్మల్ కసబ్ అప్పీలులో సుప్రీంకోర్టు తొలి హాజరు నాటి హక్కును పునరుద్ఘాటించి, దానిని తెలియజేయని మేజిస్ట్రేటు కర్తవ్యలోపానికి బాధ్యుడని చెప్పింది. అయితే ఆ దశలో న్యాయవాది లేకపోయినా, ముద్దాయికి నిజమైన నష్టం జరిగినట్లు తేలితే తప్ప విచారణ చెల్లకుండా పోదని కూడా అన్నది.

ముగింపు

పై చరిత్రనుంచి ఒక అంశం తేలుతుంది. విచారణ దశలో న్యాయవాది లేకపోతే శిక్షే రద్దు కావచ్చు. తొలి రిమాండులో లేకపోతే న్యాయాధికారిపై చర్య ఉండవచ్చు, ముద్దాయి పోగొట్టుకున్న రోజులు మాత్రం తిరిగిరావు. స్టేషన్‌లో లేకపోతే అది హద్దుకు లోబడిన లోపమే. హక్కు వెనక్కు నడిచిన కొద్దీ దాని బలం పలచబడింది. సామాన్యుని నిత్యసమస్యలు నిలిచేది ఈ పలచని చోటనే. రెండు వారాల రిమాండు కూలీ పని పోగొడుతుంది, తెలియక పెట్టిన సంతకం కేసును నిలబెడుతుంది, దొరకని జామీనుదారు కారణంగా చిన్న నేరానికి శిక్షను మించిన నిర్బంధం అనుభవించవలసి వస్తుంది.

క్రిమినల్ న్యాయవాది సామాన్యునికి చేసే మేలును నిర్దోషులుగా విడుదలైనవారి సంఖ్యతో మాత్రమే కొలవడం ఈ కారణంగా సరిపోదు. ముద్దాయి తొలిసారి మేజిస్ట్రేటు ముందు నిలబడినప్పుడు అతని పక్కన ఎవరైనా ఉన్నారా అన్నది మొదటి కొలమానం కావాలి. జిల్లా కోర్టుల రిమాండు రిజిస్టర్లు, జైలు రికార్డులు, మేజిస్ట్రేటు కోర్టుల నేపథ్యంలో వచ్చిన తెలుగు కథలు, నవలలు ఈ దృష్టితో కలిపి చదవవలసిన సామగ్రి.