కొత్త కాంక్రీటు మెట్లకు రెయిలింగ్: ఎన్నాళ్లు ఆగాలి, ఎలా బిగించాలి?

మెట్లు పోసిన మూడు నాలుగు రోజులకే ఇంట్లోవాళ్లు ఎక్కి దిగడం మొదలుపెడతారు. రెయిలింగ్ మాత్రం వెంటనే బిగించకూడదు. పచ్చి కాంక్రీటులో బోల్టు వేస్తే అంచు పగులుతుంది, ఆగితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఫజర్ నమాజ్‌కు చీకట్లో దిగే పెద్దవాళ్లకు ఈ మధ్య రోజులే ఎక్కువ ప్రమాదం. గోస్తనీ నది సముద్రంలో కలిసే భీమునిపట్నంలో దీనికి తోడు ఉప్పు గాలి. కాబట్టి బిగించే రోజు, బోల్టు, స్టీలు మూడూ చూసుకోవాలి.

ఎన్ని రోజులు ఆగాలి?

కాంక్రీటు బలాన్ని లెక్కగట్టేది 28 రోజులకు. డ్రిల్లింగ్, బోల్టు బిగింపు అప్పటిదాకా ఆపడం మంచిది. ఈలోపు క్యూరింగ్ మానకూడదు. భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం సాధారణ సిమెంటుకు కనీసం 7 రోజులు, వేడి, పొడి వాతావరణంలో 10 రోజులు తడపాలి. ఫ్లైయాష్ కలిసిన పీపీసీ, స్లాగ్ కలిసిన పీఎస్‌సీ వాడితే 14 రోజులు తడపడం మేలు. సముద్రం దగ్గర కొన్ని బావుల్లో, బోర్లలో నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లు కలపడానికీ వద్దు, తడపడానికీ వద్దు. ఉప్పు లోపలి ఇనుప చువ్వలను తినేస్తుంది.

ఈ నాలుగు వారాలూ మెట్ల పక్కన నేలలో సరుగుడు కర్రలు గట్టిగా పాతి, చేయి ఆనే ఎత్తులో అడ్డకర్ర కట్టుకోవాలి. దాన్ని కాంక్రీటుకు బిగించకూడదు. రాత్రి మెట్ల మీద లైటు ఉండాలి.

మెట్లు ఇంకా పోయకపోతే

అప్పుడు పని తేలిక. స్తంభాలు ఎక్కడ వస్తాయో సెంట్రింగ్ దశలోనే మేస్త్రీకి, వెల్డర్‌కు కలిపి చెప్పాలి. ఆ చోట్ల పీవీసీ పైపు ముక్కలు పెట్టి పోస్తే గుంతలు తయారుగా ఉంటాయి. తర్వాత స్తంభం నిలబెట్టి, ఆరినప్పుడు కుంచించుకుపోని గ్రౌట్‌తో నింపాలి. స్తంభం చుట్టూ పైభాగాన్ని బయటికి వాలుగా తీస్తే నీళ్లు నిలవవు.

పోసేసిన మెట్లకు

బేస్ ప్లేట్ పెట్టి బోల్టులతో బిగించడమే మార్గం. మామూలు యాంకర్ బోల్టు బిగించేకొద్దీ లోపల విచ్చుకుని కాంక్రీటును పక్కలకు నెడుతుంది. మెట్టు అంచుకు దగ్గరగా వేస్తే పెచ్చు ఊడుతుంది. అంచుకు దగ్గరగా వేయక తప్పకపోతే కెమికల్ యాంకర్ నయం, అది పక్కలకు నెట్టదు. అయితే రెండింటికీ అంచు నుంచి ఎంత దూరం, ఎంత లోతు అనేది కంపెనీ చెప్పినట్టే పాటించాలి. రంధ్రంలో దుమ్ము మిగిలితే కెమికల్ పట్టదు. బ్రష్‌తో రుద్ది, గాలి కొట్టి, మళ్లీ రుద్ది, మళ్లీ గాలి కొట్టాలి.

డ్రిల్‌కు చువ్వ తగిలితే దాన్ని కోయకుండా రంధ్రం పక్కకు జరపాలి. పాత రంధ్రాన్ని గ్రౌట్‌తో పూడ్చాలి. పైన గ్రానైట్, టైల్ వేస్తే ఆ మందం, కింద మాలు మందం బోల్టు లోతులోకి రావు. బోల్టు కాంక్రీటులోకి దిగిన లోతే లెక్క.

ఎత్తు, మందం

ఎత్తును ఫ్లోరింగ్ అయ్యాకే కొలవాలి. మెట్టు ముందంచు నుంచి నిలువుగా 90 సెంటీమీటర్ల నుంచి మీటరు వరకు ఉంటే పెద్దవాళ్లకు చేయి ఆనుతుంది. గుండ్రటి పైపు 38 నుంచి 45 మిల్లీమీటర్ల మందం ఉంటే పిడికిట్లో ఇముడుతుంది. గోడకు బిగిస్తే వేళ్లు దూరేలా 50 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. పైమెట్టు, కిందిమెట్టు దాటి 30 సెంటీమీటర్లు పైపు ముందుకు రావాలి. మోకాళ్ల నొప్పులవాళ్లకు చివరి అడుగు దగ్గరే పట్టు కావాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో నిలువు కడ్డీల మధ్య ఖాళీ 10 సెంటీమీటర్లు మించనివ్వకూడదు.

ఏ స్టీలు?

మామూలు ఇనుము రంగు వేసినా ఉప్పు గాలికి వెల్డింగ్ జాయింట్ల దగ్గర ముందుగా తుప్పు పడుతుంది. తుప్పు ఉబ్బి, గుంతలో పాతిన స్తంభం చుట్టూ కాంక్రీటునూ పగలగొడుతుంది. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుకు కూడా తీరంలో గోధుమ మచ్చలు వస్తాయి. మాలిబ్డినం కలిసిన 316 ధర ఎక్కువైనా బాగా తట్టుకుంటుంది. ఏ స్టీలైనా అప్పుడప్పుడు మంచినీళ్లతో కడగాలి. బడ్జెట్ తక్కువైతే వేడి జింకులో ముంచిన జీఐ పైపు తీసుకోవచ్చు, కానీ వెల్డింగ్ చేసిన ప్రతిచోటా జింక్ ప్రైమర్ పూయాలి. బోల్టులు, నట్లు కూడా అదే స్థాయివి కావాలి. మంచి పైపుకు చవక బోల్టు వేస్తే ముందు పోయేది బోల్టే.

డబ్బు ఇచ్చేముందు

కెమికల్ పూర్తిగా గట్టిపడ్డాక ఇద్దరు పెద్దవాళ్లు మెట్ల మీద సురక్షితంగా నిలబడి, ప్రతి స్తంభాన్నీ రెండు వైపులా ఊపి చూడాలి. కాస్త కదిలినా, ప్లేట్ కింద సన్నటి పగులు కనిపించినా ఒప్పుకోవద్దు. నట్టు బిగిస్తే సరిపోదు, ఆ యాంకర్‌ను వేరే చోట కొత్తగా వేయించుకోవాలి.