పశువుల వంశసాక్ష్యము

మా బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతములందు ఆవును బేరమాడువారు దాని తల్లి ఎవరిదనియు, ఆబోతు ఏ యూరిదనియు అడుగుట పూర్వాచారము. పెద్దల జ్ఞాపకమే ప్రమాణము. సుడులును వాతలును దానికి తోడు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమపై విరుచుకొనిపడి వేలాది మనుష్యులను, లక్షలాది పశువులను పొట్టనబెట్టుకొనెను. మందయు, దాని పుట్టుపూర్వోత్తరము లెరిగిన ముసలివాడును ఒక్కరాత్రి పోయిన యిండ్లలో, మిగిలిన దూడ యేతల్లిదో చెప్పువారెవ్వరు? నేడు చెవికి 12 అంకెల బిళ్ల వేయుచున్నారు. మంచిదే, కాని బిళ్ల ఊడిపోవచ్చును.

నెత్తుటిలోని గురుతు ఊడునది కాదు. జెఫ్రీసు పండితుడు జన్యుముద్రను కనుగొన్నది 1984లో, ఉప్పెన గడచిన యేడేండ్లకు. ఆవునకు 30 జతల క్రోమోజోములు. ప్రతి జతలో ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. వానిలో కొన్నిచోట్ల ఒక చిన్న వరుస మరలమరల వచ్చును. ఎన్నిమారులు వచ్చునన్నది పశువు పశువునకు మారును. దూడయందు తల్లినుండి రాని సంఖ్య ఆబోతునందుండవలెను. పలుచోట్ల లేకున్న అది తండ్రి కాదు.  పరీక్షకు కుదురుతోగూడిన వెండ్రుకలు చాలును.

ఈ విద్య దూరదేశమున ఒక చరిత్రనే బయలుపరచినది. మన ఒంగోలు జాతి బ్రెజిలునకు పోయి 'నెలోరె' యను పేర విస్తరిల్లెను. తల్లివలననే సంక్రమించు మైటోకాండ్రియా జన్యువును 1999లో అచ్చటివారు పరీక్షింపగా, పెక్కింటికి అది ఐరోపా ఆవులదని తేలెను. ఓడలనెక్కినవి మిక్కిలిగా ఆబోతులే; అచ్చటి ఆవులతో వానిని తరతరములు దాటించిరి. మూపురము మనది, తల్లి వారిది.