లేవర్

ఆంగ్లంలో ఈ పదానికి రెండు అర్థాలున్నాయి: యాజకులు కడుక్కునే తొట్టి, తినే సముద్రపు నాచు.

తొట్టి ప్రస్తావన నిర్గమకాండం 30వ అధ్యాయంలో వస్తుంది. ప్రత్యక్షపు గుడారానికీ బలిపీఠానికీ నడుమ దీన్ని ఉంచేవారు. సేవకు ముందు అహరోను, అతని కుమారులు అందులోని నీటితో కాళ్లూ చేతులూ కడుక్కోవాలి. తెలుగు బైబిలు దీన్ని ‘ఇత్తడి గంగాళము’ అంటుంది. చక్కగా కుదిరిన మాట. సొలొమోను మందిరంలో ఇవి పది.

నాచు పోర్ఫైరా జాతులది. అలల పోటుకు తడిసే రాళ్లపై పల్చని ఊదా రేకుల్లా పెరుగుతుంది. వేల్స్‌లో దీన్ని గంటల తరబడి ఉడికించి, నల్లని ముద్ద చేసి, ఓట్ పిండి అద్ది వేయిస్తారు. దాన్ని లేవర్‌బ్రెడ్ అంటారు, కానీ అది రొట్టె కాదు. జపాన్ నోరి దీని దగ్గరి బంధువే.

ఈ నాచు జీవితచక్రం చాలాకాలం అంతుపట్టలేదు. గవ్వచిప్పల్లో పెరిగే సన్నని పోగులు వేరే జీవి కాదనీ, పోర్ఫైరా దశే అనీ 1949లో బ్రిటిష్ శాస్త్రవేత్త కాథ్లీన్ డ్రూ-బేకర్ తేల్చారు. నోరి సాగును నిలబెట్టిన గొప్ప పరిశోధన ఇది. జపాన్‌లోని ఉటోలో రైతులు 1963లో ఆమెకు స్మారకం కట్టారు.