మలేరియా పరిశోధనలో ఆసుపత్రి సిబ్బంది పాత్ర

సికింద్రాబాద్ మోండా మార్కెట్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలోని బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన సర్ రోనాల్డ్ రాస్ పరాన్నజీవశాస్త్ర సంస్థ ఉన్నది. 1897 ఆగస్టు 20న సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నది బేగంపేటలోనే. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఏటా ఆగస్టు 20న ప్రపంచ దోమల దినం సందర్భంగా వెలువడే వార్తలలో రాస్ పేరు ఉంటుంది; ఆయనకు తోడ్పడిన వారి ప్రస్తావన మాత్రం అరుదు.

హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి దోమలచేత కుట్టించుకొనేందుకు అంగీకరించారు. రక్తం పీల్చిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున ఆయనకు చెల్లించడం జరిగింది. ఆ దోమలను కోసి పరీక్షించగా ఫలితం లభించింది. ప్రాణాంతక జ్వరంతో బాధపడుతున్న మనిషికి అణాల లెక్కన ముట్టిన ప్రతిఫలమిది!

ఆ రోజులలోనే, తోకభాగాన్ని గోడకు ఎడంగా ఎత్తి వాలిన చిన్న దోమను ఆసుపత్రి సహాయకుడొకరు రాస్‌కు చూపించారు. మలేరియాను వ్యాపింపజేసే అనాఫిలిస్ దోమ వాలే తీరు అదే. సహాయకుని పేరు మరచిపోయినందుకు రాస్ తన స్మృతులలో విచారం వ్యక్తం చేశారు.