కెనడాలో ఆకుపచ్చ యూనిఫాం కథ

1968 ఫిబ్రవరి 1న కెనడాలో సైన్యం, నౌకాదళం, వైమానిక దళం వేర్వేరు సంస్థలుగా చట్టరీత్యా లేకుండా పోయాయి. మూడింటి బదులు కెనడియన్ ఆర్మ్‌డ్ ఫోర్సెస్ అనే ఒకే దళం మిగిలింది. ఓడ మీద పనిచేసేవాడికీ, విమానం నడిపేవాడికీ, ట్యాంకులో కూర్చునేవాడికీ ఒకటే ముదురాకుపచ్చ యూనిఫాం ఇచ్చారు. హోదాల పేర్లు కూడా చట్టంలో అందరికీ సైన్యంవే రాశారు. అడ్మిరల్, కమాండర్ అన్న పిలుపులు వాడుకోనివ్వమని నౌకాదళం పట్టుబట్టి సాధించుకోవాల్సి వచ్చింది. త్రివిధ దళాలను కలిపేస్తే మేలా అన్న ప్రశ్న ఎక్కడ లేచినా ఈ ఉదాహరణ వస్తుంది. దాన్ని వైఫల్యం అని కొట్టిపారేసేవాళ్లే ఎక్కువ. నా దృష్టిలో అందులో సగం బాగానే నిలిచింది, కాకపోతే గొడవంతా రెండో సగం మీద జరిగింది.

దీనికి కర్త రక్షణ మంత్రి పాల్ హెల్యర్. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన మొదట వైమానిక దళంలో చేరాడు. అక్కడి నుంచి సైన్యంలోకి పంపినప్పుడు ప్రాథమిక శిక్షణ మళ్లీ మొదటినుంచీ చేయించారు. ఒకే దేశపు రెండు దళాలు ఒకదాని శిక్షణను మరొకటి లెక్కలోకి తీసుకోకపోవడం ఆయనకు గట్టిగానే గుర్తుండిపోయింది. అంతకన్నా పెద్ద కారణం 1962 నాటి క్యూబా సంక్షోభం. మంత్రివర్గం ఇంకా తర్జనభర్జన పడుతుండగానే నౌకాదళం అమెరికా నౌకాదళంతో కలిసి జలాంతర్గాముల వేటకు ఓడలను పంపింది. వైమానిక దళం చూపు అమెరికాతో ఉమ్మడిగా నడిచే గగనతల రక్షణ వ్యవస్థ నోరాడ్ మీద, జర్మనీలో ఉన్న కెనడా సైన్యపు బ్రిగేడ్ చూపు బ్రిటిష్ సైన్యం మీద. మూడు దళాలూ తమలో తాము మాట్లాడుకున్నదానికన్నా మిత్రదేశాలతో మాట్లాడిందే ఎక్కువ. ఒట్టావాలో అన్నిటికీ కలిపి జవాబు చెప్పే మనిషి లేడు.

1964లో హెల్యర్ ముగ్గురు దళాధిపతుల పదవులు తీసేసి ఒకే రక్షణ దళాధిపతిని పెట్టాడు, ప్రధాన కార్యాలయాలను కలిపాడు. దీని మీద గొణుగుడు వచ్చినా తిరుగుబాటు రాలేదు. ఆయన అక్కడితో ఆగలేదు. దళాల పేర్లూ దుస్తులూ మార్చబోయేసరికి అట్లాంటిక్ తీర నౌకాదళానికి అధిపతిగా ఉన్న రియర్ అడ్మిరల్ విలియం లాండీమోర్ పార్లమెంటు కమిటీ ముందే అడ్డం తిరిగాడు. 1966లో ఆయన పదవి పోయింది. తీరా చట్టం అమల్లోకి వచ్చేనాటికి హెల్యర్ రక్షణ శాఖలోనే లేడు.

పేరూ రంగూ చిన్న విషయాలు కదా, వాటికోసం ఇంత రభసా అనొచ్చు. చిన్నవే అయితే మార్చడానికి అంత పట్టుదల ఎందుకు? ఉమ్మడి ప్రణాళికకు ఉమ్మడి యూనిఫాం అక్కర్లేదు. ఆ తర్వాత జరిగిందీ అదే చెబుతుంది. 1975లో విమానాలన్నీ మళ్లీ ఎయిర్ కమాండ్ కిందికి చేరాయి, 1980ల నడుమ వేర్వేరు యూనిఫాంలు వచ్చాయి, 2011లో రాయల్ అన్న మాటతో సహా పాత పేర్లు తిరిగొచ్చాయి. ఒకే దళాధిపతి పదవిని మాత్రం ఏ ప్రభుత్వమూ కదపలేదు.

అసలు దోషం విలీనానిది కాదు, ట్రూడో ప్రభుత్వం 1969లో సైన్యాన్ని కోయడమే కొంప ముంచిందనే వాదన ఉంది. కోత నిజమే. విలీనం వల్ల మిగిలే డబ్బుతో కొత్త ఆయుధాలు కొంటామన్న హెల్యర్ మాట అందువల్లే సరిగా పరీక్షకు రాలేదు. కానీ నావికుడు ఆకుపచ్చ యూనిఫాంను ఏవగించుకున్నది బడ్జెట్ చూసి కాదు. ఒకే దళం నడుస్తుందనడానికి ఇజ్రాయెల్‌ను చూపేవాళ్లూ ఉన్నారు. అక్కడి దళం 1948లో పుట్టడమే ఒకటిగా పుట్టింది, విడదీసి మళ్లీ అతికించింది కాదు.

మన దేశంలో 2020 జనవరిలో త్రివిధ దళాధిపతి పదవి వచ్చినా ఎవరి యూనిఫామూ మారలేదు. ఇక్కడి పేచీ ఒక్కో ప్రాంతంలో మూడు దళాలనూ ఒకే అధికారి కిందికి తెచ్చే థియేటర్ కమాండ్ల దగ్గర: మంజూరైన 42 స్క్వాడ్రన్లే పూర్తిగా లేని వైమానిక దళం, ఉన్న కొద్ది విమానాలను కమాండ్ల మధ్య పంచేస్తే ఎలాగని అడుగుతోంది.