కాగితం, అట్టల వ్యాపారం: ఫిన్లాండ్, చైనా

దేశాల మధ్య సాగే సరకుల పద్దులలో 48వ అధ్యాయం కాగితానికీ, అట్టకూ సంబంధించినది. గుజ్జు, చిత్తు కాగితం 47వ అధ్యాయంలో చేరుతాయి. ఒక దేశపు కాగితం వ్యాపారం అర్థం కావాలంటే ఈ రెండు పద్దులనూ కలిపి చదవాలి. ఇందుకు ఫిన్లాండ్, చైనాలు చక్కని ఉదాహరణలు. మొదటి దేశంలో అడవులు మెండు, జనం తక్కువ. రెండవ దేశంలో జనం మెండు, కలప చాలదు.

ఫిన్లాండ్

ఈ దేశపు నేలలో 70 శాతానికి పైగా అడవులే. జనాభా సుమారు 55 లక్షలు. సొంత వాడకానికి కొద్దిపాటి కాగితమే చాలును గనుక పరిశ్రమ ఎగుమతిపైనే ఆధారపడింది. సెల్‌ఫోన్లతో మనకు పరిచయమైన నోకియా సంస్థ సైతం 1865లో గుజ్జు మిల్లుగానే ప్రారంభమైంది. 1917 వరకు ఫిన్లాండ్ రష్యా సామ్రాజ్యంలో భాగం. దాని కాగితానికి రష్యాయే ప్రధాన విపణి. స్వాతంత్ర్యంతో ఆ విపణి చేజారగా, మిల్లులు 1918లో ఉమ్మడి అమ్మకాల సంఘాన్ని ఏర్పరచుకొని పశ్చిమ ఐరోపా వైపు మళ్లాయి. 2007లో ఉత్పత్తి సుమారు 1 కోటి 40 లక్షల టన్నులు. అందులో పదింట తొమ్మిది పాళ్లు విదేశాలకే వెళ్లింది.

చైనా

కాగితానికి పుట్టినిల్లయిన చైనాలో చిన్న మిల్లులు చాలాకాలం వరిగడ్డి, గోధుమగడ్డితో గుజ్జు తీసేవి. వాటి మురుగుతో హువాయ్ నది కలుషితమైనందున 1996లో అనేక మిల్లులను మూసివేశారు. గడ్డి స్థానాన్ని విదేశీ చిత్తు కాగితం ఆక్రమించింది. అమెరికాకు సరకు చేరవేసి ఖాళీగా తిరిగివచ్చే ఓడల్లో అది తక్కువ కిరాయికే వచ్చేది. 2007 నాటికి చైనా కాగితం ఎగుమతి దిగుమతిని మించింది. 2009 నాటికి ఉత్పత్తిలో ఆ దేశం అమెరికాను దాటి ప్రథమ స్థానం పొందింది. 2016లో అది కొన్న చిత్తు కాగితం సుమారు 2 కోట్ల 80 లక్షల టన్నులు.

తారుమారైన లెక్కలు

పత్రికలు, కార్యాలయాలు కంప్యూటరు తెరకు మారినకొద్దీ ఫిన్లాండ్ కాగితానికి గిరాకీ తగ్గింది. 2020 నాటికి ఉత్పత్తి 80 లక్షల టన్నుల స్థాయికి దిగింది. కెమి పట్టణంలోని వైత్సిలువోటో మిల్లు 2021లో మూతపడగా సుమారు 670 మంది పని కోల్పోయారు. అదే పట్టణంలో 2023లో పెద్ద గుజ్జు మిల్లు వెలసింది. అందులో నేరుగా పని దొరికినది సుమారు 250 మందికే. నేడు ఫిన్లాండ్ గుజ్జుకు చైనా ముఖ్యమైన కొనుగోలుదారు. 48వ పద్దులో తగ్గినది కొంత 47వ పద్దులో కనిపిస్తుంది గాని, ఉద్యోగాలు ఆ మేరకు తిరిగి రాలేదు.

చైనా 2018లో చిత్తు కాగితంపై కఠిన నిబంధనలు విధించి, 2021 జనవరి నుండి దిగుమతినే నిషేధించింది. మిల్లులకు ముడిసరకు కొరత ఏర్పడి, అట్టపెట్టెల కాగితాన్ని బయటినుండి కొనవలసి వచ్చింది. అమ్మిన దేశాలలో భారతదేశం ఒకటి. 2021లో మన దేశంలో ఆ కాగితం ధర పెరిగినప్పుడు, పెట్టెల తయారీదారులు చైనాకు సాగిన ఎగుమతిని ఒక కారణంగా చూపారు. మన ఇంటి నుండి పాత సామాన్ల వ్యాపారి తూకం వేసి తీసుకువెళ్లే పాత పత్రికలకూ, అట్టలకూ ఈ విధంగా దూరదేశపు నిర్ణయాలతో సంబంధం ఉంది.